మౌంట్ స్టీఫెన్ ప్రభువు

కనడాదేశపు తూర్పుభాగమును పసిఫిక్ తీరముతోఁ గలిపిన ఇనుపదారికి ధనము సమకూర్చిన జార్జి స్టీఫెను ధనికుల యింటఁ బుట్టినవాఁడు కాఁడు. స్కాట్లండులోని డఫ్‌టౌనున 1829 వ సంవత్సరము జూను 5 వ తేదీన నొక వడ్రంగికిఁ గుమారుఁడై జన్మించెను. బాల్యముననే బడి విడిచి బట్టల కొట్లలోఁ బని నేర్చి, 1850లో మాంట్రియలు నగరమునకు వలసపోయి, బంధువుని దుకాణమునఁ జేరెను. అచ్చటినుండి క్రమముగా వృద్ధినొంది, 1876లో మాంట్రియలు బ్యాంకునకు అధ్యక్షుఁడయ్యెను.

పిదప డొనాల్డు స్మిత్తు మొదలగువారితోఁ గూడి, అమెరికాలో దివాలా తీసిన యొక రైలు కంపెనీని చౌకగాఁ గొనెను. అందులకు వలయు ఋణమును దా నధ్యక్షుఁడుగా నున్న బ్యాంకే యిచ్చెను! ఇది ధర్మమా యని చదువరులే విచారింతురుగాక.

1880 అక్టోబరు 21 వ తేదీన కెనేడియన్ పసిఫిక్ రైలుమార్గపు ఒడంబడిక జరిగెను. నిర్మాతలకు ప్రభుత్వము 2½ కోట్ల డాలర్లును 2½ కోట్ల యెకరముల భూమియు నిచ్చుట కంగీకరించెను. ఆ భూమి తరతరములుగా ఆదిమజాతుల వేటనేల యని యొడంబడిక వ్రాసినవారు తలఁచినట్లు కానరాదు. సుపీరియరు సరస్సున కుత్తరముననున్న రాతినేలయు బురదనేలయు ధనమును మ్రింగివైచినవి. 1884లో ప్రభుత్వ మిచ్చిన 2¼ కోట్ల డాలర్ల ఋణమును జాలలేదు. స్టీఫెనును స్మిత్తును దమ సొంత యాస్తులను సైతము తాకట్టుపెట్టిరి. అన్యుల ధనముతో మాత్రమే సాహసించు వర్తకుల కీ ధైర్య మెక్కడిది?

ఇంతలో 1885 మార్చిలో లూయీ రియేలు నాయకత్వమున వాయవ్యమున మెటీజాతివారు తిరుగఁబడిరి. అసంపూర్ణమైన యా మార్గముమీఁదుగనే సైన్యము తరలింపఁబడెను. అంతవఱకు ఋణమున కడ్డుపలికినవారు మెత్తఁబడిరి; పార్లమెంటు మరల ధనమిచ్చెను. నిరాశ్రయుల తిరుగుబాటు ధనికుని దివాలానుండి కాపాడుట చరిత్రలోని వైపరీత్యములలో నొకటి. నవంబరు 7 వ తేదీనఁ గ్రెయిగెలాఖీయొద్ద స్మిత్తు చివరి మేకు దిగఁగొట్టెను. స్టీఫె నప్పు డింగ్లండున నుండెను. తొమ్మిది దినములకు రియేలు నురిదీసిరి.

ఫ్రేజరు లోయలోని భాగమును బ్రభుత్వపు గుత్తేదారు నిర్మింపఁగా, వేలకొలఁది చీనా కూలీలు తక్కువ కూలికిఁ గొండలు పగులఁగొట్టిరి; వందలకొలఁది ప్రాణములు విడిచిరి. పని ముగిసిన యా సంవత్సరముననే చీనీయుల ప్రవేశముపైఁ దలకు 50 డాలర్ల పన్ను విధింపఁబడెను.

1887లో స్టీఫెనును స్మిత్తును జెఱి 5 లక్షల డాలర్లిచ్చి మాంట్రియలున రాయల్ విక్టోరియా వైద్యశాలను స్థాపించిరి. తరువాతి సంవత్సరమునఁ గంపెనీ యధ్యక్షత విడిచి స్టీఫె నింగ్లండు చేరెను. అచ్చటి వైద్యశాలలకు సైతము విశేషధన మొసఁగి, 1921 నవంబరు 29 వ తేదీన మరణించెను. రాకీ పర్వతములలో నొక శిఖరమున కంతకుముందే యాతని పేరు పెట్టియుండిరి. 1891లోఁ బ్రభుపదవి లభించినపు డాతఁ డా శిఖరము పేరునే బిరుదముగా స్వీకరించెను.