బాలగోళీలు, అమ్మ దిండు కింద మాత్రలు

అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక నొప్పికి ట్రమడాల్ రాశారు. నెల తిరిగాక చూస్తే దిండు కింద రెండు అట్టలు! నిద్రమాత్ర కూడా కలిపి వేసుకుంటోందని అప్పుడే తెలిసింది. "అలవాటు పడిపోతావు, తెలుసా?" అని కేకలేశాను. మర్నాటికి అట్టలు బియ్యం డబ్బాలోకి మారాయి.

కార్మిక స్త్రీల చరిత్ర పాఠం చెప్పే నేను అలా అరిచి ఉండకూడదు. బొంబాయి మిల్లు కార్మికురాళ్ల ప్రసూతి పరిస్థితుల మీద 1922లో లేడీ డాక్టరు బార్నెస్ ఇచ్చిన నివేదికలో ఆ తల్లులు పసిబిడ్డలకి నల్లమందు వేసి పనికెళ్లే సంగతి ఉంది. ఆ మాత్రల్ని బాలగోళీలనేవారు. ఇంగ్లండులో ఆ పని గాడ్‌ఫ్రే కార్డియల్ చేసింది. 1845లోనే ఎంగెల్స్ దాని గురించి రాశాడు. అమెరికాలో మిసెస్ విన్స్‌లో సిరప్‌లో మార్ఫిన్ ఉన్నా, 1906 చట్టం వచ్చేదాకా సీసా మీద ఆ మాట రాయనక్కర్లేకపోయింది. నింద మాత్రం తల్లులదే, 'అజ్ఞానం' అని. మిల్లులో ఉయ్యాల ఎందుకు లేదని అడిగినవాళ్లెంతమంది? నేనూ అమ్మని మాత్రల గురించే అడిగాను, రాత్రుల గురించి అడగలేదు.

బాలగోళీల కథ చెప్తే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "మా అమ్మా వేసేది. నాట్లకి పోయేముందు తమ్ముడికి ఆవగింజంత. ఓ రోజు వాడు పొద్దుగూకేదాకా కళ్లు తెరవలేదు. అమ్మ ఎవరికీ చెప్పుకోలేదు." మన భాషలో అదీ 'మందే' కదా!

అప్పుడడిగాను, రాత్రిళ్లు ఎలా ఉంటోందని. నొప్పి తగ్గిందట. బాత్రూముకి నన్ను లేపాల్సొస్తుందని, తెల్లారేదాకా మెలకువ రాకుండా వేసుకుంటోందట.

ఈ జాతి మందులు ఊపిరిని మందగింపజేస్తాయనీ, నిద్రమాత్ర తోడైతే ప్రమాదం ఇంకా ఎక్కువనీ, అలాగని ఉన్నట్టుండి మానేసినా శరీరం తిరగబడుతుందనీ చెప్పాను. భయపెట్టదలచుకోలేదు. 1985 మాదకద్రవ్యాల చట్టం తర్వాత కేన్సరు రోగులకి కూడా మార్ఫిన్ గగనమైపోయింది; 2014లో గానీ ఆ నిబంధనలు సడలలేదు. భయం వల్ల ఎందరు నొప్పితో పోయారో! ట్రమడాల్‌ని ఆ చట్టం కిందికి తెచ్చింది 2018లో.

డాక్టరు నిద్రమాత్ర మాన్పించి, ట్రమడాల్ మెల్లగా తగ్గిస్తున్నారు. అట్ట ఇప్పుడు భోజనాల బల్ల మీదే ఉంటోంది. అమ్మ మంచం పక్కన పూజగది గంట పెట్టుకుంది. రాత్రి రెండింటికి మోగిస్తుంది.