కంప్యూటర్ నిర్వహణ చరిత్ర: ఫర్మ్‌వేర్, డ్రైవర్లు – హైదరాబాద్ నుంచి సుల్తాన్‌పూర్ వరకు

ఉపోద్ఘాతం

భారతదేశంలో కంప్యూటర్ చరిత్ర ఎక్కువగా తయారీ చరిత్రగానే రచింపబడింది. ఏ యంత్రం ఎప్పుడు తయారైంది, ఎవరు తయారుచేశారు అనే ప్రశ్నలకు దక్కిన ప్రాధాన్యం, తయారైన యంత్రాన్ని పనికి సిద్ధం చేసిందెవరు అనే ప్రశ్నకు దక్కలేదు. విడిభాగాలను బిగించినంత మాత్రాన కంప్యూటర్ పనిచేయదు. మదర్‌బోర్డు మీది చిప్‌లో నిక్షిప్తమైన ఫర్మ్‌వేర్ ముందుగా మేలుకొని ప్రాసెసర్‌ను, మెమరీని గుర్తించాలి. ఆ తరువాత ఆపరేటింగ్ సిస్టమ్‌కూ ఒక్కొక్క పరికరానికీ నడుమ డ్రైవర్లు దుబాసీలుగా నిలవాలి. ఈ రెండు పొరల చరిత్రను హైదరాబాద్, సంగారెడ్డి ప్రాంతాల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

1. మీటల కాలం

'ఫర్మ్‌వేర్' అనే మాటను 1967 జనవరిలో ఆషర్ ఓప్లర్ 'డేటామేషన్' పత్రికలో ప్రతిపాదించాడు. హార్డ్‌వేర్‌కూ సాఫ్ట్‌వేర్‌కూ మధ్యస్థంగా ఉండే సూక్ష్మ ఆదేశాలను ఆయన ఈ పేరుతో వ్యవహరించాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో, అణుశక్తి విభాగం ఆధ్వర్యంలో, హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) ఏర్పడింది. డాక్టర్ అయ్యగారి సాంబశివరావు దాని నిర్మాత. ట్రాంబేలో రూపుదిద్దుకొన్న టీడీసీ-12 కంప్యూటర్ 1969లో వెలువడింది. 1970వ దశకంలో టీడీసీ-312, టీడీసీ-316 దాని బాటలో వచ్చాయి.

ఆ తరం మినీకంప్యూటర్లను మేల్కొలపడం చేతిపని. ముందు పలక మీది మీటలను పైకీ కిందికీ కదిలిస్తూ ప్రారంభ ఆదేశాలను మెమరీలోకి ఎక్కించడం, ఆపై చిల్లుల కాగితపు టేపు నుంచి మిగిలిన ప్రోగ్రామును చదివించడం నాటి సాధారణ పద్ధతి. యంత్రాన్ని తయారుచేసిన సంస్థకే దాని అట్టడుగు ఆదేశాలూ తెలిసి ఉండేవి. తయారీ, నిర్వహణ జ్ఞానాలు ఒకే ఇంట ఉన్న కాలమది.

1978లో ఐబీఎం భారతదేశాన్ని వీడినప్పుడు ఆ సంస్థ యంత్రాల నిర్వహణ బాధ్యత, 1975లో ప్రభుత్వం నెలకొల్పిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్‌కు సంక్రమించింది. తయారుచేయని యంత్రాన్ని కూడా నేర్చుకొని నిలబెట్టవచ్చునని ఈ ఘట్టం నిరూపించింది.

2. విడిభాగాల బజారు

1981లో వెలువడిన ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌లో 'బయోస్' అనే ప్రారంభ ప్రోగ్రామును చెరపరాని చిప్‌లో ఉంచారు. ఆ పేరు అంతకుముందే గ్యారీ కిల్డాల్ రూపొందించిన సీపీ/ఎం వ్యవస్థలో వాడుకలో ఉంది. 1984 నవంబరునాటి కంప్యూటర్ విధానం దిగుమతులను సడలించిన తరువాత, విడిభాగాలతో కూర్చిన 'అసెంబుల్డ్' కంప్యూటర్లు విస్తరించాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఈ ప్రాంతంలో వాటికి ప్రధాన విపణి అయింది. మదర్‌బోర్డు పెట్టెలో వచ్చే డ్రైవర్ సీడీ అక్కడి మెకానిక్కులకు పనిముట్టుతో సమానం. సీడీ పోతే శబ్దం, చిత్రం, నెట్‌వర్క్ అన్నీ మూగబోయేవి.

1990వ దశకంలో బయోస్ ఫ్లాష్ చిప్‌లోకి మారింది. చిప్పును ఊడదీయకుండానే తిరగరాసే వీలు కలిగింది. ఆ వీలే ముప్పు కూడా అయింది. 1999 ఏప్రిల్ 26న విజృంభించిన సీఐహెచ్ వైరస్ అనేక కంప్యూటర్ల బయోస్‌ను చెరిపివేసి, వాటిని మేలుకొనలేని స్థితికి చేర్చింది. నవీకరణ మధ్యలో కరెంటు పోయినా అదే ఫలితం.

నేటికీ కొనసాగుతున్న జాగ్రత్తలకు మూలం ఈ అనుభవమే. బోర్డు నమూనాను, దాని రివిజన్‌ను సరిచూడడం, తయారీదారు ఇచ్చిన ఫైలునే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం, యూపీఎస్ మీద పని కానివ్వడం వీటిలో ముఖ్యమైనవి. బోర్డు తయారైన తరువాత వచ్చిన ప్రాసెసర్‌ను పాత ఫర్మ్‌వేర్ గుర్తించకపోవచ్చు. అందుకే ప్రాసెసర్ లేకుండానే నవీకరించగల మీటను కొన్ని బోర్డులకు అమర్చారు. డ్రైవర్లలో సాధారణంగా చిప్‌సెట్, నెట్‌వర్క్, గ్రాఫిక్స్ అనే వరుసను పాటిస్తారు. నెట్‌వర్క్ డ్రైవర్ లేనిదే మిగిలినవాటిని దింపుకోలేరు కనుక దానిని ముందే దగ్గర ఉంచుకోవడం ఆనవాయితీ.

3. సుల్తాన్‌పూర్ సందర్భం

సంగారెడ్డి జిల్లాలో సుల్తాన్‌పూర్ పేరుగల గ్రామాలు రెండు ఈ చర్చకు సంబంధించినవి. పుల్కల్ వైపున్న సుల్తాన్‌పూర్‌లో 2012లో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడింది. పటాన్‌చెరు సమీపంలో, అమీన్‌పూర్ మండలంలోని సుల్తాన్‌పూర్‌లో 2017లో సుమారు 250 ఎకరాల వైద్య పరికరాల పార్కుకు శ్రీకారం చుట్టారు. భారీ యంత్రాలకూ ఔషధాలకూ పేరొందిన పారిశ్రామిక వలయంలో ఇది కొత్త మలుపు.

వైద్య పరికరం విషయంలో ఫర్మ్‌వేర్ ప్రాణంతో ముడిపడిన అంశం. 2017 ఆగస్టులోనే అమెరికాలో దాదాపు 4,65,000 పేస్‌మేకర్లకు భద్రతా కారణాలతో ఫర్మ్‌వేర్ నవీకరణ అవసరమైంది. రోగి ఆసుపత్రికి వెళ్లి, సుమారు మూడు నిమిషాలపాటు పరికరాన్ని ప్రత్యామ్నాయ విధానంలో నడుపుతూ దానిని పూర్తిచేయవలసి వచ్చింది. భారతదేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిర్వచనం సాఫ్ట్‌వేర్‌ను కూడా వైద్య పరికరాల పరిధిలో చేర్చింది. ఇందువల్ల పరికరం లోపలి ఆదేశాలు నియంత్రణ పరిధిలోకి వచ్చాయి.

ముగింపు

2005లో ఏర్పడిన యూఈఎఫ్ఐ ఫోరం ప్రారంభ వ్యవస్థకు ఉమ్మడి ప్రమాణాన్ని నిర్దేశించింది. నేటి అనేక పరికరాలు తయారీదారు డిజిటల్ సంతకం ఉన్న నవీకరణను మాత్రమే అంగీకరిస్తాయి. భద్రత దృష్ట్యా ఇది సమంజసమే. అయితే తయారీదారు ఆసక్తి ముగిసిన నాడు, పనిచేయగల యంత్రం కూడా అనాథ అవుతుంది. 1999లో మొదలై తరువాత కోర్‌బూట్‌గా మారిన స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ ప్రయత్నం ఈ చిక్కుకు ఒక సమాధానం.

టీడీసీ కాలంలో తయారీ, నిర్వహణ ఒకే చోట ఉండగా, అసెంబుల్డ్ యుగంలో బిగింపు మనదై, అట్టడుగు ఆదేశాలు పరాయివయ్యాయి. కనుక ఒక ప్రాంతపు సాంకేతిక స్వావలంబనను కర్మాగారాల విస్తీర్ణంతో కొలవడం చాలదు. అక్కడ తయారైన పరికరాన్ని పదేళ్ల తరువాత సరిదిద్దగలిగే జ్ఞానం ఎవరి చేతిలో ఉందన్నదే అసలైన కొలమానం. పాత డ్రైవర్ సీడీలు, బోర్డు కరదీపికలు, ఫర్మ్‌వేర్ ప్రతులు చెత్తబుట్ట పాలుకాకుండా గ్రంథాలయాలు భద్రపరచినప్పుడే ఈ చరిత్రకు ఆధారాలు మిగులుతాయి.