వంగపండు కుల్లియాత్

షాయర్ జిందగీ అంతా రాసింది ఒక్కచోట చేరిస్తే ఉర్దూలో కుల్లియాత్ అంటాం. రాసి తానే పాడినవాడికి పుస్తకం చాలదు. అచ్చులో లఫ్జ్ మిగులుతుంది, లెహజా మిగలదు.

వంగపండు ప్రసాదరావునే తీసుకోండి. 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. విశాఖ షిప్‌యార్డులో ఫిట్టర్. 1972లో జననాట్యమండలి పెట్టినవారిలో ఒకరు. 2020 ఆగస్టు 4న ఇంతెఖాల్. భావనపాడు నుంచి పార్వతీపురం దాకా అవామ్ మాట్లాడే యాస సినిమాలకు నవ్వులాట. ఆయన గొంతులో అదే యాసకు ఇజ్జత్ దక్కింది.

ఆయన పాటలన్నీ ఒక పెట్టెగా తెచ్చేవాళ్లకు నాదొక్క గుజారిష్: సినిమా పాటలు చివర్లో పెట్టండి. ముందు సభల్లో పాడినవి రావాలి, గజ్జెల చప్పుడు, జనం కేకలు తుడిచేయకుండా, ప్రతి పాటకూ ఊరూ తారీఖూ రాసి.