ఏరియాన్-5 తొలి ప్రయోగం: దోష సందేశం చేరిన చోటు

1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కూరూ నుంచి బయలుదేరిన ఏరియాన్-5 రాకెట్, ప్రయోగక్రమం మొదలైన సుమారు నలభై సెకన్లకు, దాదాపు 3,700 మీటర్ల ఎత్తున దారి తప్పి విచ్ఛిన్నమైంది. నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు దానితోపాటే నాశనమయ్యాయి. పెద్ద సంఖ్య చిన్న గడిలో పట్టకపోవడమే ఇందుకు కారణమని చెప్పి ముగించడం పరిపాటి. గణితజ్ఞుడు జాక్ లూయీ లియోన్స్ అధ్యక్షతన విచారణ సంఘం జూలై 19న ఇచ్చిన నివేదికను చదివితే ఆ వివరణ సగమేనని తెలుస్తుంది. లోపం పుట్టిన చోటుకన్నా దానిని తెలిపే సందేశం చేరిన చోటే ఇక్కడ కీలకం.

రాకెట్ వైఖరిని, కదలికను కొలిచే జడత్వ నిర్దేశక వ్యవస్థ ప్రోగ్రామును ఏడా భాషలో రాశారు. దానిని ఏరియాన్-4 నుంచి దాదాపు యథాతథంగా స్వీకరించారు. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చేచోట విలువ 32,767ను మించడంతో ఎక్సెప్షన్ తలెత్తింది. అటువంటి ప్రమాదమున్న ఏడు చరరాశుల్లో నాలుగింటికే రక్షణ కల్పించారు; కంప్యూటర్ పనిభారం 80 శాతం దాటరాదన్న లక్ష్యం ఆ నిర్ణయాన్ని ప్రభావితం చేసింది. ఏరియాన్-4 గమనపథానికి ఆ లెక్క సరిపోయింది. ఏరియాన్-5 క్షితిజ సమాంతర వేగం అంతకన్నా చాలా ఎక్కువ. పైగా, ఆ లెక్క చేసే భాగంతో ఏరియాన్-5కు నేల విడిచాక పనే లేదు!

ఏ రకమైన ఎక్సెప్షన్ తలెత్తినా వైఫల్యాన్ని డేటా బస్‌పై సూచించి, వివరాన్ని శాశ్వత మెమరీలో భద్రపరచి, ప్రాసెసర్ ఆగిపోవాలన్నది నిర్దేశం. వైఫల్యమంటే పరికరం యాదృచ్ఛికంగా చెడిపోవడమేనన్న భావన దీని వెనుక ఉంది. ఒకటి ఆగితే రెండోది ఆదుకుంటుంది. కానీ రెండింటిలోనూ ఉన్నది ఒకే ప్రోగ్రాము. ప్రత్యామ్నాయ వ్యవస్థ 72 మిల్లీసెకన్ల నిడివిగల మునుపటి దత్తాంశ చక్రంలోనే అదే కారణంతో ఆగిపోయింది. ప్రధాన వ్యవస్థ ఆగుతూ పంపిన బిట్ల వరుస ఇంజనీర్ల పరిశీలన కోసం ఉద్దేశించిన దోష సమాచారం. దానిని ఆన్‌బోర్డ్ కంప్యూటర్ గమన దత్తాంశంగా తీసుకొని, జరగని విచలనాన్ని సరిదిద్దబోయి నాజిళ్లను పూర్తిగా వంచింది. రాకెట్ గాలివాలుకు ఇరవై డిగ్రీలకు పైగా ఒరిగింది; బూస్టర్లు ఊడి, స్వీయ విధ్వంసక యంత్రాంగం పనిచేసింది.

ఏ సంవేదకమూ తనకు సాధ్యమైన మేరకు దత్తాంశం పంపడం ఆపరాదనీ, ఎక్సెప్షన్ ప్రభావాన్ని అది తలెత్తిన పనికే పరిమితం చేసే వీలు చూడాలనీ సంఘం సిఫారసు చేసింది. శకలాల నుంచి వెలికితీసిన నిర్దేశక వ్యవస్థ మెమరీలో ఆ దోష వివరం భద్రంగానే దొరికింది. ఇంజనీర్లు దానిని అప్పుడు చదివారు.