బాహువు: ప్రత్యక్షం, అతిదేశం

సుశ్రుతసంహిత శారీరస్థానంలోని పంచమాధ్యాయంలో అస్థిగణన ఉంది. మానవదేహంలో 360 అస్థులున్నాయని వేదవాదులు అంటారనీ, శల్యతంత్రం ప్రకారం అవి 300 మాత్రమేననీ ఆచార్యుడు అక్కడ నిస్సంకోచంగా చెప్పాడు. చరకసంహితలోని సంఖ్య ఆ 360యే. పూజ్యమైన పరంపరతో సైతం సంఖ్య విషయంలో విభేదించగలిగిన ధైర్యం సుశ్రుతునిది. ఆయన గణించిన 300లో ఒక్కొక్క బాహువుకు వచ్చే భాగం 30.

నేటి శరీరశాస్త్రం ఏమంటుంది? అంసఫలకాన్నీ జత్రుకనూ మినహాయిస్తే, బాహువులో భుజాస్థి 1, ముంజేతిలో రత్ని, అరత్ని అనే అస్థులు 2, మణిబంధాస్థులు 8, కరభాస్థులు 5, అంగుళ్యస్థులు 14. వెరసి 30.

సంఖ్యలు సరిపోయాయని సంతోషించి ఇక్కడితో ఆగిపోయేవారు కద్దు. కాని జిజ్ఞాసువు ఆగరాదు. సుశ్రుతుని ముప్పదిలో వ్రేళ్లకు 15, తలాది స్థానాలకు 10, మడమ స్థానంలో 1, ముంజేతికి 2, మోచేతికి 1, పైభాగానికి 1. మోచేతి వద్ద ప్రత్యేకమైన అస్థి నిజానికి లేదు. చేయి మడిచినప్పుడు అక్కడ గట్టిగా తగిలేది అరత్ని యొక్క పైకొస మాత్రమే. బొటనవ్రేలికి మూడు అస్థులు రావాలంటే దాని మూలంలోని కరభాస్థిని కూడా కలుపుకోవలసిందే. మొత్తం ఒకటే అయినా విభాగం వేరు.

ఈ భేదానికి కారణం మూలంలోనే కనిపిస్తుంది. సుశ్రుతుడు అక్కడ వివరించినది కాలి అస్థులను. ఒక కాలికి 30 లెక్కించి, దీనితోనే రెండవ కాలూ, బాహువులూ వ్యాఖ్యాతమైనవని ముగించాడు. మీమాంసకులు దీనినే అతిదేశమంటారు: ఒకచోట చెప్పిన ధర్మాన్ని మరొకచోటికి విస్తరింపజేయడం. మోకాటి చిప్ప ప్రత్యేకాస్థియే. కాని అతిదేశం వల్ల మోచేతికి కూడా అటువంటి చిప్ప ఒకటి సంక్రమించింది.

అదే ఆచార్యుడు మర్మాల ప్రకరణంలో మరింత జాగరూకుడు. దేహంలోని 107 మర్మాలలో ఒక్కొక్క శాఖకు 11. అక్కడ కూడా కాలి వర్ణనను బాహువుకు అన్వయించాడు. కాని వెంటనే విశేషాలను వేరుగా చెప్పాడు. గుల్ఫానికి బదులు మణిబంధం, జానువుకు బదులు కూర్పరం, విటపానికి బదులు కక్షధరం. మణిబంధం దెబ్బతింటే కుంఠత, కూర్పరానికైతే చేయి వంకరపోవడం, కక్షధరానికైతే పక్షాఘాతం. శస్త్రం ఎత్తినవానికి అక్కడ పొరపాటు రోగి బ్రతుకుతో ముడిపడి ఉంటుంది.

కాబట్టి సుశ్రుతుని గొప్పదనం సంఖ్యలో లేదు, పద్ధతిలో ఉంది. మృతదేహాన్ని దర్భాదులతో చుట్టి, పంజరంలో ఉంచి, ఏకాంతస్థలంలో ప్రవహించే నీటిలో నానవేసి, ఏడు రాత్రుల తరువాత కూర్చలతో మెల్లగా రుద్దుతూ త్వగాదులను కంటితో చూడాలని ఆయన విధించాడు. ప్రత్యక్షమూ శాస్త్రమూ రెండూ కలిస్తేనే జ్ఞానం వృద్ధి చెందుతుందని ఆయన సిద్ధాంతం.

కాలక్రమంలో ఆ విధి గ్రంథంలో మిగిలింది గాని వైద్యుల చేతుల్లో మిగలలేదు. సంస్కృత కళాశాలలో వైద్యం బోధించిన పండిత మధుసూదన గుప్త 1836లో కలకత్తా వైద్య కళాశాలలో స్వయంగా శవచ్ఛేదనం చేసినప్పుడు, ఎందరో దానిని పాశ్చాత్యుల ఆచారమనే భావించారు. నిజానికి అది సుశ్రుతుని విధికి పునరాగమనం. అదే పండితుడు ఆంగ్ల శరీరశాస్త్ర గ్రంథాన్ని సంస్కృతంలోకి కూడా అనువదించాడు.

ప్రాచీనుల సంఖ్యను సమర్థించడం మాత్రమే వారిపట్ల భక్తి కాదు. వారు చూడమన్న చోట మనం కన్నులు తెరచి చూడడం కూడా భక్తియే. మోచేతిని ఒకసారి తడిమి చూసుకొన్నవాడికి సుశ్రుతునిపై గౌరవం తగ్గదు. అతిదేశానికి హద్దు ఎక్కడో తెలిసివస్తుంది.