గుహ నుంచి గోదావరి ఒడ్డుకు

నారాయణఖేడ్ వైపు క్రైస్తవం అనగానే గుర్తొచ్చేది 1924 నాటి మెదక్ చర్చి. అది ప్రొటెస్టెంట్లది. కతోలిక మునుల వారసులను చూడాలంటే ఉత్తరాన, పాత ఆదిలాబాద్ జిల్లాకు వెళ్లాలి. అక్కడ పనిచేసిన కార్మెల్ సన్యాసుల మూలాలు పాలస్తీనా కొండ గుహల్లో ఉన్నాయి.

క్రూసేడుల రోజుల్లో యూరప్ నుంచి వెళ్లిన కొందరు కార్మెల్ కొండ మీద, ఏలీయా ప్రవక్త పేరున్న ఊట దగ్గర ఏకాంతంగా ఉండిపోయారు. 1206–1214 మధ్య జెరూసలేం పాట్రియార్క్ ఆల్బర్ట్ వారికి చిన్న నియమావళి రాసిచ్చారు. ఎవరి గది వారిది, రాత్రంతా మౌనం, గదుల నడుమ ప్రార్థనాలయం. యుద్ధాల తాకిడికి 1238 నుంచి యూరప్‌కు వలస మొదలైంది. 1247లో పోపు నాలుగవ ఇన్నోసెంట్ నియమాన్ని సడలించగానే మునులు పట్నాల్లో మఠాలు కట్టుకుని భిక్షువులయ్యారు. సభ విస్తరించింది, ఏకాంతం పలచబడింది. నా లెక్కలో ఈ సభ చరిత్రంతా ఆ రెండింటి పెనుగులాటే. 1562లో స్పెయిన్‌లో కార్మెలీయ సన్యాసిని తెరేసా మఠాన్ని మళ్లీ మౌనం వైపు తిప్పారు. 1592లో ఆమె సంప్రదాయం వారే బోలార్కేలో ఏకాంతవాసానికంటూ ప్రత్యేక ఆశ్రమం పెట్టారు.

భారతదేశంలో వారికి దారి తెరిచింది ఒక తగాదా. 1653లో కేరళ నస్రానీ క్రైస్తవులు పోర్చుగీసు పెత్తనంపై తిరగబడితే, సర్దిచెప్పడానికి రోమ్ పంపింది కార్మెలీయులనే. తర్వాతి కాలంలో ఆ కార్మెలీయుల ప్రభావంలోనే పాలక్కల్ తోమా, పోరూకర తోమా అనే మలయాళీ గురువులు అడవిలో తపస్సు చేసుకుంటామని మేత్రాణులు స్తబిలీనిని అడిగారట. మీరు అడవికి పోతే జనానికి బోధించేదెవరని ఆయన ఎదురు ప్రశ్న వేశారంటారు. ఫలితంగా 1831లో మన్నానంలో మఠం లేచింది. వారితో కలిసిన చావర కురియాకోస్ అక్కడే 1846లో సంస్కృత పాఠశాల, అచ్చుయంత్రం పెట్టారు. ప్రెస్సుకు నమూనా అరటిబోదెతో చేయించారని చెబుతారు. తపస్సుకని బయలుదేరినవాళ్లు అచ్చాఫీసు నడిపారు!

మన్నానంలో అలా మొదలైన ఈ సి.ఎం.ఐ. (కార్మెలైట్స్ ఆఫ్ మేరీ ఇమ్మాక్యులేట్) సభ చేతికే 1962లో చాందా మిషన్ వచ్చింది. కేరళ బయట నస్రానీల కతోలిక సంఘమైన సిరో-మలబార్ సభకు అదే తొలి మిషన్ ప్రాంతం. మహారాష్ట్ర జిల్లాలతోపాటు మన ఆదిలాబాద్ కూడా అందులోదే. 1999లో ఆదిలాబాద్ విడి మేత్రాసనమైంది. 2015 దాకా దాన్ని నడిపిన తొలి మేత్రాణులు జోసెఫ్ కున్నత్ కూడా సి.ఎం.ఐ. సన్యాసే.