ఆరేళ్ల మూడు నెలలు

అక్టోబరు నెల, పొద్దున ఎనిమిది. తూర్పు ఫ్రాన్స్‌లో, స్విట్జర్లాండ్ సరిహద్దుకు దగ్గరగా, జూరా కొండల పడమటి వాలు మీద నిలబడి ఉన్నారు మీరు. వెనకాల ప్యుపియాఁ అనే చిన్న ఊరు. కింద లోయలో ఆర్బ్వా పట్టణం పొగమంచు కప్పుకుని ఉంది. అక్కడి సెయింట్ జూస్ట్ చర్చి గంట వినిపిస్తోంది గానీ గోపురం కనపడదు. బూట్లకు అంటుకున్న మన్ను ఎంత విదిలించినా రాలడం లేదు. నీలం కలిసిన బూడిదరంగు బంకమన్ను, సున్నం పాలు ఎక్కువ. దాదాపు ఇరవై కోట్ల ఏళ్ల కిందట ఇక్కడున్న సముద్రం అడుగున పేరుకున్న బురద ఇది. జురాసిక్ యుగానికి ఆ పేరు ఈ కొండల నుంచే వచ్చింది.

ఇనుపతీగలకు వంచి కట్టిన ద్రాక్షకొమ్మల మధ్య ఏడెనిమిది మంది వంగి కోస్తున్నారు. ఈ తోట యజమానురాలు మీ చేతికి కత్తెర ఇచ్చి, "కుళ్లింది కనపడితే అది మాత్రం తీసేయండి, మిగతాది గుత్తి గుత్తిగా క్రేటులో పెట్టండి" అంటుంది. ఆమెకున్నది పదిహేను ఎకరాలు. తరతరాలుగా ఇంటివాళ్లే చూసుకుంటున్న తోట. ఇవాళ కోస్తున్న రకం పేరు సావన్యాన్. గుత్తి చిన్నది, పండూ చిన్నదే, తోలు మందం. ఒకటి నోట్లో వేసుకుంటే ముందు తీపి తగులుతుంది, వెంటనే పళ్లు జివ్వుమనేంత పులుపు. పండు బాగా మాగాక కూడా ఆ పులుపు పోదు. దాని గొప్పతనమంతా అదే.

పక్క వరసలన్నీ బోడిగా ఉన్నాయి. నురగ వచ్చే క్రెమాన్ కోసం పళ్లు అన్నిటికన్నా ముందే కోశారు. తర్వాత పూల్సార్, షార్డొనే, పినో న్వార్, త్రూసో. సావన్యాన్‌తో కలిపి జూరాలో ప్రధానంగా పండేవి ఈ అయిదు రకాలే, అయిదూ ఈ చిన్న తోటలో ఉన్నాయి. సావన్యాన్ వంతు చివర్న వస్తుంది. ద్రాక్షలో పాతకాలపు రకాల్లో ఇదొకటి. ఆల్ప్స్ ప్రాంతంలో త్రామినర్ అనే పేరుతో తెలిసిన రకమే ఇదని జన్యుపరీక్షలు తేల్చాయి.

తలెత్తి చూస్తే వాలు పైభాగమంతా అడవి. పందొమ్మిదో శతాబ్దంలో జూరాలో దాదాపు 20,000 హెక్టార్ల ద్రాక్షతోటలుండేవి. ఫిలాక్సెరా అనే పురుగు వేళ్లను పీల్చేసింది, తర్వాత యుద్ధాలు, కూలీల కరువు. ఇప్పుడు మిగిలింది సుమారు 2,000 హెక్టార్లు. ఇవాళ చెట్లు మొలిచిన చోట, పశువులు మేస్తున్న చోట, ఒకప్పుడు చాలా వరకు ద్రాక్షే. ఈ లెక్క తెలిశాక చేతిలోని గుత్తిని కాస్త జాగ్రత్తగా పట్టుకుంటారు.

మధ్యాహ్నానికి ట్రాక్టర్ వెనకాలే నడిచి ఇంటికి వస్తారు. గానుగ తిరుగుతోంది. పచ్చటి రసం ధారగా తొట్టిలోకి పడుతోంది. అక్కడ ఆగాల్సిన పని లేదు, ఇదంతా ఏ వైన్ తయారీ కేంద్రంలోనైనా చూడొచ్చు. ఈ ఇంటి అసలు సంగతి నేలమాళిగలో ఉంది.

మెట్లు దిగుతున్న కొద్దీ వాసన మారుతుంది. ముందు తడి రాయి, ఆపైన పాత కర్ర, ఆ తర్వాత మీరు బాగా ఎరిగినదే, పేరు మాత్రం నాలుక చివరే ఆగిపోతుంది. పొట్టు తీయని అక్రోటులా? కాదు, ఇంకేదో ఉంది.

గోడ పొడవునా ఓక్ పీపాలు, ఒక్కొక్కటీ 228 లీటర్లది. ఏవీ కొత్తవి కావు. యజమానురాలు ఒక పీపా బిరడా తీసి టార్చిలైటు లోపలికి కొడుతుంది. వంగి చూడండి. పీపా నిండుగా లేదు. వైన్ ఒక జానెడు కిందికి దిగిపోయి ఉంది. దాని మీద పలుచటి, తెల్లటి, ముడతలు పడ్డ పొర. ఎవరూ తెచ్చి వేసింది కాదు. ఈ మాళిగ గోడల్లో, పీపాల కర్రలో ఉన్న ఈస్ట్ తనంతట తాను పైకి తేలి అల్లుకున్న పొర.

వైన్ తయారీలో ఎక్కడైనా మొదటి సూత్రం, గాలి తగలనివ్వకూడదు. పీపాలోంచి కర్ర గుండా కొంత వైన్ ఆవిరైపోతూ ఉంటుంది కాబట్టి ఆ వెలితిని ఎప్పటికప్పుడు పూడుస్తారు. లేకపోతే గాలి చేరి వైన్ సిర్కాగా మారుతుంది. ఇక్కడ ఆ వెలితిని అలాగే వదిలేస్తారు. నింపరు, కలపరు, కదపరు. ఈస్ట్ పొర గాలికీ వైన్‌కూ మధ్య నిలబడి, వచ్చే ప్రాణవాయువును తాను తీసుకుంటూ, లోపలికి కొంచెం కొంచెమే పోనిస్తుంది. బతకడానికి వైన్‌లోని ఆల్కహాలునూ గ్లిజరాల్‌నూ వాడుకుంటుంది, బదులుగా కొత్త వాసనలు ఇస్తుంది. చలికాలంలో పొర మందగిస్తుంది, వేసవిలో మళ్లీ పుంజుకుంటుంది. అందుకే ఈ పీపాలను ఎప్పుడూ ఒకే చల్లదనంలో ఉంచరు, కొందరైతే అటక మీద పెడతారు. కోతనాటి నుంచి లెక్కేస్తే ఆరేళ్ల మూడు నెలలు గడిస్తే గానీ దాన్ని 'వాన్ జోన్', అంటే పసుపు వైన్, అనే పేరుతో అమ్మడానికి చట్టం ఒప్పుకోదు.

"అన్నీ గట్టెక్కుతాయా?" అని అడుగుతారు మీరు.

ఆమె తల అడ్డంగా ఊపుతుంది. ప్రతి పీపా నుంచి క్రమం తప్పకుండా నమూనా తీసి పరీక్షకు పంపుతారు. వెనిగర్ ఆమ్లం పెరుగుతోందని తెలిస్తే ఆ పీపాను వరసలోంచి తప్పించాల్సిందే. ఒక చోట వరస మరీ పొట్టిగా ఉంది, పీపాల మీద సుద్దతో 2021 అని రాసి ఉంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో, చిగుళ్లు వేసిన వేళ, పడిన మంచు జూరా పంటలో చాలా భాగాన్ని మాడ్చేసింది. ఒక్క రాత్రి దెబ్బ ఆరేళ్ల తర్వాతి సంపాదనకు తగులుతుంది. ఇంత చిన్న కుటుంబం, ఇంత కాలం డబ్బు రాని సరుకును మాళిగలో పెట్టుకుని ఎదురు చూడటంలోని సాహసాన్ని వైన్ తాగనివాళ్లు కూడా గౌరవించాలని నా నమ్మకం.

ఈ పొర రహస్యాన్ని భూతద్దం కింద పెట్టి చూసినవాడు ఈ లోయవాడే. లూయీ పాశ్చర్ పుట్టింది దోల్‌లో, 1822లో. పెరిగింది ఆర్బ్వాలో, తోళ్లు ఊనే తండ్రి ఇంట్లో, క్విజాన్స్ ఏటి ఒడ్డున. వైన్లు ఎందుకు చెడిపోతున్నాయో తేల్చమని 1863లో చక్రవర్తి మూడో నెపోలియన్ అడిగితే, పాశ్చర్ మరుసటి ఏడాది ఆర్బ్వాకు వచ్చి ఊళ్లోనే ప్రయోగశాల పెట్టుకున్నాడు. వైన్ మీద తేలే పొరలు ఒకటే రకం కావనీ, ఒకటి వైన్‌ను సిర్కా చేస్తే ఇంకొకటి చేయదనీ సూక్ష్మదర్శినిలో చూసి చెప్పాడు. 1866లో వైన్ మీద ఆయన పుస్తకం వచ్చింది. మనం ప్యాకెట్ పాలు కొనేటప్పుడు చదివే 'పాశ్చరైజ్డ్' అన్న మాటకు మూలమైన వేడిచేసే పద్ధతి మొదట వైన్ కోసం పుట్టింది. 1874లో ఆయన ఆర్బ్వా దగ్గర సొంతంగా ద్రాక్షతోట కొన్నాడు. 1878లో, కాయలు పండకముందే కొన్ని మొక్కల చుట్టూ గాజు ఇళ్లు కట్టించి, గుత్తులకు దూది చుట్టించాడు. బయటి సూక్ష్మజీవులు తగలని ఆ పళ్ల రసం పులియలేదు. పులియడమనేది పండులో దానంతటది పుట్టే గుణం కాదని, జీవం చేసే పనని అలా నిరూపించాడు. ఆ తోట ఇప్పటికీ కాస్తోంది.

పైకి రండి. వంటింటి పక్క గదిలో పొడవాటి బల్ల, గాజు గ్లాసులు, రొట్టె. జూరాలో ఎర్ర వైన్లు ముందు పోస్తారు, తెల్లవి తర్వాత. వేరే చోట్ల ఈ వరస తిరగబడి ఉంటుంది. ఎందుకో మొదటి గ్లాసు చూడగానే తెలుస్తుంది. పూల్సార్ తోలు ఎంత పలుచనంటే, వైన్‌కు దానిమ్మరసం నీళ్లు కలిపినంత రంగే వస్తుంది, గ్లాసు వెనక వేళ్లు కనిపిస్తాయి. రుచీ అంత తేలికే, ఎర్ర పళ్ల పులుపు, కొంచెం మట్టి. ప్యుపియాఁ వాళ్లు దీన్ని ప్లూసార్ అంటారు, తమ ఊరే దాని రాజధాని అని చెప్పుకుంటారు. పక్కన మోర్తో సాసేజి ముక్కలు. పొడవాటి పొగగూళ్లలో దేవదారు జాతి కర్రల పొగకు వేలాడదీసిన పందిమాంసం అది. ఆ పొగ వాసన ముందు గట్టి వైన్ పెడితే రెండూ కొట్టుకుంటాయి, ఈ పలుచటిది పక్కకు తప్పుకుని దారిస్తుంది.

త్రూసో కాస్త కండ ఉన్నది. ఎండ బాగా తగిలే గులకనేలలో పండుతుంది. మిరియాల ఘాటు, అడవి వాసన. పుట్టగొడుగులకూ వేట మాంసానికీ సరైన జోడీ. షార్డొనే మంచిదే, ఏటిలో పట్టిన ట్రౌట్ చేపకు వెన్నలా నప్పుతుంది, కానీ ఇంత దూరం వచ్చి దాని మీద ఎక్కువసేపు గడపను.

ఇప్పుడు క్లావ్లాన్ వస్తుంది. పొట్టి మెడ, వెడల్పు భుజాల సీసా. పట్టేది 62 సెంటీలీటర్లు. ఒక లీటరు వైన్ పీపాలో పోస్తే ఆరేళ్లకు మిగిలేది ఇంతేనని లెక్క. సీసాను పొద్దున్నే తెరిచి పెట్టారు, ఫ్రిజ్ దరిదాపులకు తీసుకుపోలేదు. చల్లబరిస్తే ఇది నోరు మూసుకుంటుంది, 15 డిగ్రీల దగ్గర మాట్లాడుతుంది. గ్లాసులో ముదురు బంగారు రంగు. ముక్కు దగ్గర పెట్టగానే, మాళిగ మెట్ల మీద దొరకని పేరు ఇక్కడ దొరుకుతుంది.

మెంతులు. దోరగా వేయించిన మెంతులు.

ఇది ఊహ కాదు. ఈ వైన్ వాసనకు ముఖ్యమైన పదార్థం సోటోలాన్, మెంతులకు ఆ వాసననిచ్చేదీ అదే సోటోలాన్. ఫ్రెంచివాళ్లు ఇందులో అక్రోటు అంటారు, కర్రీ మసాలా అంటారు. మాగాయలో కలపడానికి మెంతిపిండి కొట్టిన ఇంట పెరిగినవాళ్లకు అంత దూరం పోనక్కర్లేదు. ఒక గుక్క తాగండి. తీపి లేదు, ఒక్క చుక్క కూడా. పదునైన పులుపు, ఉప్పదనంలాంటిది, ఆ వెనక వేయించిన గింజల రుచి నిమిషాల తరబడి నాలుక మీద నిలుస్తుంది. మొదటి గుక్కకు నచ్చనివాళ్లు చాలామందే ఉంటారు. రెండో గుక్కకు ముందు కోంతె చీజ్ ముక్క నోట్లో పెట్టుకోండి. మోంబెలియార్ద్ ఆవుల పచ్చిపాలతో చేసి, సుమారు 40 కిలోల చక్రంగా నెలల తరబడి మాగబెట్టిన చీజ్. బాగా మాగినదాంట్లోనూ అక్రోటు రుచి ఉంటుంది. వైన్ పులుపు చీజ్ కొవ్వును కోస్తుంది, చీజ్ ఉప్పు వైన్‌ను గుండ్రం చేస్తుంది. ఒకే మన్ను మీది ద్రాక్ష, ఒకే కొండల గడ్డి.

పొయ్యి మీద కోడి ఉడుకుతోంది. మీగడ, మోరెల్ పుట్టగొడుగులు, చివర్లో పోసిన అదే పసుపు వైన్. ఈ వంటకం చేసేటప్పుడు ఈ ఊళ్లో చాలామంది చవకైన సావన్యాన్ వాడి, అసలుదాన్ని దించే ముందు కొద్దిగా కలుపుతారు. పులుసులో రొట్టె అద్దుకుంటూ సీసా వైపు చూస్తే, సగం అలాగే ఉంటుంది. కంగారు లేదు, బిరడా పెట్టేస్తే వారాలపాటు చెడదు. ఆరేళ్లు గాలితో కాపురం చేసిన వైన్‌ను ఇక గాలి ఏం చేయగలదు? 1774లో చేసిన పసుపు వైన్ సీసాను 2018లో లోన్ ల సోనియేలో వేలం వేస్తే 1,03,700 యూరోలు పలికింది.

భోజనం చివర చిన్న గ్లాసులో వాన్ ద పాయ్ ఇస్తారు. గుత్తులను కనీసం ఆరు వారాలు ఆరబెట్టి, ముడుచుకున్న పళ్లను పిండిన తీపి వైన్. నీలి చీజ్‌తో చాలా బాగుంటుంది. మక్వాన్ కూడా రుచి చూపిస్తారు, ద్రాక్షరసంలో ఆ ఊరి మార్క్ బ్రాందీ కలిపింది. రెండూ సరదావే. నా మనసు మాత్రం క్లావ్లాన్ దగ్గరే ఉండిపోయింది.

వెళ్లేటప్పుడు ఒక సీసా కొంటారు కదా, ఇంటికి తెచ్చాక ఫ్రెంచి వంట కోసం వెతకొద్దు. పారిస్‌లో సొమ్మెలియేలు, అంటే వైన్ వడ్డించే నిపుణులు, ఈ వైన్‌ను మసాలా కూరల పక్కన పెట్టడం కొత్తేమీ కాదు. మెంతికూర కోడి వండండి. మిరపకారం మాత్రం సగానికి సగం తగ్గించండి, 14 శాతం దాటే ఆల్కహాలు కారాన్ని రెచ్చగొడుతుంది. టమాటా వద్దు, వైన్‌లో పులుపు చాలినంత ఉంది. కాస్త మీగడ, దించే ముందు చిటికెడు వేయించిన మెంతిపొడి. సీసా బిరడా మధ్యాహ్నమే తీసి పెట్టండి, రాత్రి భోజనానికి.